కూడలి దాటించని సైకిల్ బాట

2023 అక్టోబరు 1న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక పాయ, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో పాయ. నెత్తిన 16 మెగావాట్ల సోలార్ పలకల కప్పు, రాత్రిపూట దీపాలు, నాలుగున్నర మీటర్ల వెడల్పు. కట్టిన తీరుకు వంక పెట్టేదేమీ లేదు. ఎండాకాలంలో నీడ, వానాకాలంలో గొడుగు, పక్కన దూసుకుపోయే లారీలకూ తొక్కేవాళ్లకూ మధ్య గట్టి ఎడం. పిల్లల్ని వెంటబెట్టుకుని ధైర్యంగా తొక్కగలిగే చోటు ఈ మహానగరంలో ఒకటి ఉందంటే సంతోషించాల్సిందే.

కానీ టోలిచౌకిలో ఉండే డిగ్రీ విద్యార్థి ఆ ట్రాక్ దాకా సైకిల్ మీద ఎలా వెళ్లాలి? కొండాపూర్ అపార్ట్‌మెంట్‌లో రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్ దాని మీదుగా ఇంటికి చేరగలడా? చాలామంది సైకిల్‌ను కారు వెనక కట్టుకుని అక్కడిదాకా తెచ్చి, తొక్కి, మళ్లీ కట్టుకుని వెళ్తున్నారు. వ్యాయామానికి అది గొప్ప వసతి. ఊరిలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు చేర్చే దారి మాత్రం కాదు. సైకిల్ కోసం ప్రజలు చేసిన ఉద్యమాలను దేశదేశాల్లో పరిశీలిస్తే ఈ తేడా దగ్గరే అన్నీ తేలాయి. ఎన్ని కిలోమీటర్లు వేశారని అడిగినచోట ట్రాకులొచ్చాయి. ఇంటి నుంచి బడికి, బడి నుంచి బజారుకు తెగకుండా వెళ్లగలమా, మధ్యలో చౌరస్తా దాటగలమా అని అడిగినచోట సైకిళ్లొచ్చాయి.

ముందు మన దేశంలో తొక్కేవాళ్లెవరో చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని ఇళ్లలో 44.8 శాతం ఇళ్లకు సైకిల్ ఉంది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా ఇతర పనులకు వెళ్లేవాళ్లలో వందకు పదముగ్గురు సైకిల్ మీదే వెళ్తున్నామని చెప్పారు. పాలు, పేపర్లు వేసేవాళ్లు, తాపీ మేస్త్రీలు, రంగులేసేవాళ్లు, గ్యాస్ బండలు మోసేవాళ్లు, సర్కారు బడి పిల్లలు. సైకిల్ వీళ్లకు సరదా కాదు, బస్సు చార్జీ మిగిల్చే బండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. అందులో సైకిళ్ల మీద వెళ్తున్నవారు 4,800కు పైనే. నడిచి వెళ్తూ పోయినవారు 32 వేలు దాటారు.

ఒకప్పుడు మన పట్టణాల్లో సైకిళ్లు ఎంత ఎక్కువంటే మున్సిపాలిటీలు వాటికి పన్ను వేసి బిళ్లలిచ్చేవి. డైనమో వెలగకపోతే జరిమానా, డబుల్స్ ఎక్కితే పోలీసు ఆపడం, గంటకింత అని అద్దె సైకిళ్ల షాపులు, అన్నీ యాభై దాటినవాళ్లకు గుర్తే. ఆ రోజుల్లో విడిగా దారి కావాలని ఎవరూ అడగలేదు. అవసరం లేదు కాబట్టి అడగలేదు. రోడ్డు మీద అన్నీ దాదాపు ఒకే వేగంతో కదిలేవి. రోడ్లు వెడల్పయి, వేగం పెరిగి, డివైడర్లొచ్చాక సైకిల్ అంచుకు, అక్కణ్నుంచి మురుగుకాలువ మూతల మీదికి జరిగింది. యూరప్‌లోనూ ఇదే జరిగింది, కాకపోతే ముప్పై నలభై ఏళ్లు ముందు.

నెదర్లాండ్స్ పేరు చెప్పగానే మనవాళ్లు 'అది వాళ్ల సంస్కృతి' అనేస్తారు. చరిత్ర అలా లేదు. 1950, 60ల్లో అక్కడా కార్లు విపరీతంగా పెరిగాయి. ఊళ్ల మధ్య ఇళ్లు కూల్చి రోడ్లు వేశారు, కాలువలు పూడ్చి పార్కింగ్ చేయాలన్న ప్రతిపాదనలూ వచ్చాయి. సైకిల్ ప్రయాణాలు ఏటా తగ్గుతూ పోయాయి. 1971లో రోడ్ల మీద సుమారు 3,300 మంది చనిపోయారు, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అప్పటి ఆ దేశ జనాభా కోటీ ముప్పై లక్షలు. వీధికొక బిడ్డ పోయినట్టే అనిపించి ఉంటుంది.

అలా బిడ్డను పోగొట్టుకున్నవాళ్లలో విక్ లాంగెన్‌హోఫ్ అనే పాత్రికేయుడొకరు. ఆయన కూతురు సైకిల్ మీద బడికి వెళ్తూ కారు కింద పడి చనిపోయింది. 1972లో 'డె టైడ్' పత్రికలో ఆయన రాసిన వ్యాసం శీర్షిక 'పిల్లల హత్యలు ఆపండి' అన్న అర్థమిచ్చేది. ఆ మాటే ఒక సంఘం పేరయింది. మొదటి అధ్యక్షురాలు మార్త్యే వాన్ పుటెన్ అప్పటికి చిన్న వయసు తల్లి, తర్వాత యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలయ్యారు. వాళ్లు చేసిన పనులు చాలా సాదాసీదావి. ప్రమాదాలు జరిగే చోట్ల కూర్చున్నారు. కొన్ని వీధులు కొన్ని గంటలు మూసి పిల్లల్ని ఆడుకోనిచ్చారు. నడివీధిలో బల్లలు వేసి భోజనాలు పెట్టారు. ప్రభుత్వం వీళ్లను వెళ్లగొట్టకుండా పిలిచి మాట్లాడింది, తర్వాత ఖర్చులకు సాయం కూడా చేసింది. 1973లో చమురు సంక్షోభం ముంచుకొచ్చి ఆదివారాలు కార్లు నిషేధించేసరికి, కార్లు లేని వీధి ఎలా ఉంటుందో దేశమంతా కళ్లారా చూసింది.

1975లో ఇంకో సంఘం వచ్చింది, ఇప్పటి ఫీట్సర్స్‌బాండ్, అంటే సైకిలిస్టుల యూనియన్. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే మన సైకిల్ క్లబ్బులకు పనికొస్తుంది. 1883లో సైకిల్ తొక్కేవాళ్లే స్థాపించుకున్న పాత సంఘం ఒకటి క్రమంగా కార్ల యజమానుల సంఘంగా మారిపోయింది. సభ్యులు కార్లు కొన్నారు, సంఘం వాళ్ల వెంట పోయింది. రోజూ తొక్కక తప్పనివాళ్ల తరఫున మాట్లాడేవారు లేక కొత్త సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. వీళ్లు ఊరూరా శాఖలు పెట్టి, ఏ మలుపులో ఏ గుంట ఉందో, ఏ సిగ్నల్ దగ్గర ఎంతసేపు ఆగాలో రాసి పెట్టారు. నినాదాలు వినిపించినంత గట్టిగా ఈ జాబితాలు వినిపించవు గానీ, మున్సిపల్ ఇంజినీరు బల్ల మీద పని చేసింది ఈ జాబితాలే.

అసలు పాఠం ఆ తర్వాత వచ్చింది. 1970ల నడుమ హేగ్, టిల్‌బర్గ్ నగరాల్లో ప్రభుత్వం చాలా డబ్బు పెట్టి చెరొక నమూనా సైకిల్ దారి వేసింది. దారులు బాగున్నాయి, వాటి మీద సైకిళ్లూ కనిపించాయి. కానీ చుట్టుపక్కల వీధుల్లో తొక్కేవాళ్లే ఇటు మళ్లారు తప్ప, ఊరి మొత్తం మీద సైకిల్ ఎక్కినవాళ్లు పెద్దగా పెరగలేదు. 1980ల్లో డెల్ఫ్ట్ పట్టణం పద్ధతి మార్చింది. ఒక గొప్ప దారి బదులు ఊరంతా అల్లిక వేసింది. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు పెద్ద దారులు, పేటల మధ్య ఇంకొన్ని, పేట లోపల పిల్లలు సైతం తొక్కే సందులు. కాలువ మీద ఒక చిన్న వంతెన, రైలు పట్టాల కింద ఒక సొరంగం, ఒక వన్‌వేలో సైకిళ్లకు ఎదురు వెళ్లే అనుమతి. ఖర్చులో చిన్నవి, తెగిన చోట్లను కలిపేవి. అక్కడ తొక్కేవాళ్లు పెరిగారు, ప్రయాణించే దూరమూ పెరిగింది. అప్పటినుంచి ఆ దేశపు రూపకల్పన మార్గదర్శకాల్లో 'తెగకుండా ఉండాలి' అన్న నియమం, సూటితనం, భద్రత, సౌకర్యం, ఆహ్లాదంతో పాటు నిలిచిపోయింది. 2023లో ఆ దేశంలో రోడ్డు మరణాలు 684. వాటిలో 270 సైకిలిస్టులవి, ఎక్కువగా వయసు మళ్లినవాళ్లవి. సమస్య పూర్తిగా తీరిందని వాళ్లూ అనుకోవడం లేదు.

దారులు తెగేది దాదాపు ఎప్పుడూ చౌరస్తాలోనే కాబట్టి డచ్ కూడలిని కాస్త దగ్గరగా చూడాలి. మూలమలుపులో రోడ్డు లోపలికి పొడుచుకొచ్చిన చిన్న దిమ్మె ఒకటి ఉంటుంది, అరటికాయ ఆకారంలో. దాని వల్ల రెండు పనులు జరుగుతాయి. మలుపు తిరిగే కారు వేగం తగ్గించక తప్పదు. సైకిల్ ఆగే చోటు కారు ఆగే గీత కన్నా ముందుంటుంది కాబట్టి డ్రైవరుకు తొక్కేవాడు కళ్లెదురుగా కనిపిస్తాడు. సైకిల్ బాట అడ్డరోడ్డును దాటే చోటును మూల నుంచి ఒక కారు పొడవంత వెనక్కి జరుపుతారు. తిరిగిన కారు అక్కడ ఆగినా వెనక ట్రాఫిక్‌కు అడ్డం కాదు, కారు దాదాపు నిటారుగా వచ్చి ఉంటుంది కనుక చూపు సూటిగా పడుతుంది. ఇందులో ఖరీదైన యంత్రమేమీ లేదు. కొంచెం కాంక్రీటు, కొంచెం రంగు, డ్రైవరు నుంచి తీసుకున్న రెండు మూడు సెకన్లు. ఆ సెకన్లు తీసుకోవడానికే ఉద్యమం కావాలి.

సైకిలిస్టులందరూ విడి దారులే కోరుకున్నారనుకుంటే అదీ నిజం కాదు. 1934 డిసెంబరులో లండన్ పడమటి వైపు వెస్టర్న్ ఎవెన్యూ పక్కన బ్రిటన్ మొదటి సైకిల్ ట్రాక్ తెరిచినప్పుడు గట్టిగా వ్యతిరేకించింది అక్కడి సైకిలిస్టుల పెద్ద సంఘమే. పక్కన ట్రాక్ వేస్తే ఇక మెయిన్ రోడ్డు మీద మిమ్మల్ని రానివ్వం అంటారేమోనన్న భయం వాళ్లది. 1970ల్లో అమెరికాలో జాన్ ఫారెస్టర్ అనే ఇంజినీరు ఇదే వాదాన్ని సిద్ధాంతం చేశాడు. సైకిల్ కూడా వాహనమే, కారులాగే నడిరోడ్డు మీద నడపడం నేర్చుకోండి, విడి దారులొద్దు అన్నాడు. దశాబ్దాల పాటు అక్కడి చాలా సంఘాలు ఆయన మాట విన్నాయి. ధైర్యం, బలం ఉన్న మగవాళ్లకు అది సరిపోయింది. పదేళ్ల పిల్లకు, అరవై ఏళ్ల మనిషికి సరిపోలేదు.

మెయిన్ రోడ్డు మీదికి రానివ్వరన్న ఆ భయాన్ని మాత్రం కొట్టిపారేయలేం. కోల్‌కతాలో 2013లో పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను, ఇతర తొక్కుడు బండ్లను నిషేధించారు. పక్కన ట్రాక్ కూడా వేయలేదు, ఊరికే పొమ్మన్నారు. పాలవాళ్లు, చేపలమ్మేవాళ్లు, పేపరు కుర్రాళ్లు రోజూ జరిమానాలు కట్టారు. పర్యావరణ కార్యకర్తలు, చిరు వ్యాపారులు, మామూలు సైకిలిస్టులు కలిసి ఊరేగింపులు తీశాక, కోర్టు మెట్లెక్కాక ఆ జాబితా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రోడ్డు మీద హక్కు, విడి దారి హక్కు, ఈ రెంటిలో ఒకటి తీసుకుని ఇంకొకటి వదులుకోమనడం అన్యాయం. మన సంఘాలు రెండూ కలిపే అడగాలి.

ఫారెస్టర్ వాదం ఎక్కడ విఫలమైందో అమెరికాలోనే పోర్ట్‌లాండ్ నగర సైకిల్ అధికారి రోజర్ గెల్లర్ 2006 ప్రాంతంలో తేటగా చెప్పాడు. జనంలో ఏ రోడ్డు మీదైనా తొక్కేవాళ్లు ఒక్క శాతం లోపు. గీతలు గీస్తే చాలు వచ్చేవాళ్లు ఏడు శాతం. ఏం చేసినా ఎక్కనివాళ్లు మూడోవంతు. మిగిలిన అరవై శాతానికి తొక్కాలనే ఉంది, భయం ఆపుతోంది. ఆయన అంచనా ఒక ఊరికి సంబంధించింది, అన్నిచోట్లా అంకెలు అవే ఉండవు. కానీ ఉద్యమం ఎవరి కోసం అన్న ప్రశ్నకు అది సరైన జవాబిచ్చింది. ఇప్పటికే తొక్కుతున్న ధైర్యవంతులు కోరేది ఒకటి, భయపడి ఇంట్లో సైకిల్‌కు తాళం వేసినవాళ్లకు కావలసింది ఇంకొకటి.

లండన్ ఆ పాఠం చాలా నష్టపోయి నేర్చుకుంది. 2010లో 'సైకిల్ సూపర్ హైవేలు' అంటూ రోడ్డు మీద నీలి రంగు పూశారు. రంగు కారును ఆపదు. 2013 నవంబరులో రెండు వారాల్లో ఆరుగురు సైకిలిస్టులు చనిపోయారు. ఆ నెలాఖరులో వెయ్యి మందికి పైగా నగర రవాణా సంస్థ కార్యాలయం ముందు సైకిళ్లతో సహా నేల మీద పడుకున్నారు. అంతకు ముందు ఏడాది మేయర్ ఎన్నికల సమయంలోనే లండన్ సైకిల్ సంఘం డచ్ పద్ధతి కావాలని అభ్యర్థుల చేత మాట తీసుకుని ఉంది. ఆ మాటకు ఈ దుఃఖం తోడై, 2016లో థేమ్స్ గట్టు వెంట నిజంగా రాతి అంచుతో విడదీసిన దారి వచ్చింది. ఎన్నికల ముందు రాయించుకున్న హామీ లేకపోతే ఆ దుఃఖం నాలుగు రోజుల వార్తగా మిగిలేదేమో.

ఎక్కువ చర్చ జరగాల్సిన ఊరు స్పెయిన్‌లోని సెవిల్. మన దగ్గర సైకిల్ మాటెత్తితే మొదట వచ్చే అభ్యంతరం ఎండ. సెవిల్‌లో వేసవి పగళ్లు తరచూ 40 డిగ్రీలు దాటుతాయి. 2006కు ముందు అక్కడ వంద ప్రయాణాల్లో ఒకటి కూడా సైకిల్ మీద జరిగేది కాదు. డచ్ వాళ్లకున్నట్టు సైకిల్ అలవాటూ లేదు. 1987 నుంచి 'ఆ కాంత్రామానో' అనే చిన్న సంఘం అడుగుతూనే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఎన్నిక తర్వాత పాలక పక్షానికి మిత్రపక్షం మద్దతు అవసరమైంది. ఆ మిత్రపక్షం సైకిల్ దారులను షరతుల్లో చేర్చింది. సంఘం దగ్గర ఇరవయ్యేళ్ల ఆలోచన సిద్ధంగా ఉంది. ఏడాదిన్నర, రెండేళ్లలో దాదాపు 80 కిలోమీటర్లు ఒక్కసారే, ఒకదానికొకటి కలిసేలా కట్టారు. 2010కల్లా 120 అయింది. స్థలం ఎక్కణ్నుంచి వచ్చిందంటే, చాలా వరకు రోడ్డు పక్క పార్కింగ్ నుంచి, సుమారు ఐదువేల కార్ల చోటు. సైకిల్ ప్రయాణాల వాటా ఆరేడు శాతానికి చేరింది, రోజుకు అరవై వేలు దాటాయి.

సెవిల్‌లో నన్ను కదిలించేది వేగం. ఏటా రెండు కిలోమీటర్లు వేసుంటే ఏ ముక్కకూ ఇంకో ముక్క కలిసేది కాదు, ఖాళీ ట్రాకులను చూపించి వ్యతిరేకులు పని ఆపించేవారు. మొత్తం ఒకేసారి రావడం వల్ల జనం ఇంటి ముందు ఎక్కి పని చోట దిగగలిగారు. తర్వాత 2011లో వేరే పార్టీ వచ్చింది, శ్రద్ధ తగ్గింది, తొక్కేవాళ్ల పెరుగుదలా ఆగింది. దారులు మాత్రం ఉండిపోయాయి. అప్పటికే వాటిని వాడే వేలమంది ఉన్నందున ఎవరూ పీకలేకపోయారు.

బొగోటా దారి వేరు. 1974 డిసెంబరులో కొందరు యువకులు కొన్ని గంటలు రెండు పెద్ద రోడ్లు మూయించి సైకిళ్లకు ఇప్పించారు, వేలమంది వచ్చారు. ఇవాళ ప్రతి ఆదివారం, సెలవు రోజు ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లు కార్లకు మూస్తారు. శాశ్వత దారులు రావడానికి పాతికేళ్లు పట్టింది, మేయర్ ఎన్రీకే పెన్యలోసా 1998 తర్వాత వందల కిలోమీటర్లు వేయించాడు. ఆదివారం అలవాటే ఊరిని అందుకు సిద్ధం చేసింది. మన విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపి నడకకు వదలడం తెలిసిన విషయమే. ఆ అనుభవాన్ని ఊరి లోపలికి, బజారు వీధులకు తీసుకురావచ్చు.

ఇక మన దేశం. కాగితం మీద మనకు లోటు లేదు. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం, వాహనాలను కాదు మనుషులను కదిలించడమే లక్ష్యమని చెప్పింది. సైకిల్ ట్రాకుల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమావళి 1962లోనే ఉంది, 2015లో సవరించారు. 2020 కరోనా కాలంలో కేంద్రం సైకిల్ పోటీ పెడితే వందకు పైగా నగరాలు పేర్లిచ్చాయి. 2021లో ఎంపికైన పదకొండు నగరాల్లో వరంగల్ ఒకటి, ఒక్కో నగరానికి కోటి రూపాయలు. నిలిచింది తక్కువ. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ప్లాస్టిక్ గుంజలు పాతి వేసిన సైకిల్ వరుస మెట్రో పనుల్లో పోయింది. పుణేలో ముక్కలు ముక్కలుగా వేసిన పాత ట్రాకుల లోపాలను 'పరిసర్' వంటి సంస్థలు ఏళ్ల తరబడి ఎత్తిచూపాక, 2017లో ఊరు మొత్తానికి సైకిల్ ప్రణాళిక తయారైంది. అమలు నత్తనడకే.

ఢిల్లీ కథ కొంచెం ఆగి చూడాల్సింది. 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల బస్సు కారిడార్ తెరిచారు. ఐఐటీ ఢిల్లీ నిపుణుల ఆలోచనతో వేసిన ఆ రోడ్డు పక్కన విడి సైకిల్ దారి కూడా ఉంది, పనికి వెళ్లే వందలాది మంది దాన్ని వాడారు. కార్ల యజమానుల తరఫున హైకోర్టులో పిటిషన్ పడింది. 2012లో కోర్టు కారిడార్‌ను సమర్థించి పిటిషన్ కొట్టేసింది. అయినా నాలుగేళ్లు తిరక్కుండా ప్రభుత్వం దాన్ని పీకేసింది. కోర్టులో గెలిచినవాళ్లు వీధిలో ఓడారు. బస్సెక్కేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు కార్ల వాళ్లకన్నా ఎక్కువమందే. టీవీ స్టూడియోలో వాళ్ల తరఫున కూర్చున్నవారు మాత్రం నిపుణులే. తొక్కేవాళ్లకు సంఘం లేదు, జెండా లేదు, కార్పొరేటర్‌ను నిలదీసే వార్డు కమిటీ లేదు.

హైదరాబాద్‌కు తిరిగొస్తే చిత్రం రెండు రకాలుగా ఉంది. సైకిల్ క్లబ్బులు ఇక్కడ బలంగానే ఉన్నాయి. 'హైదరాబాద్ సైక్లింగ్ రివల్యూషన్' పేరుతో క్లబ్బులు కలిసి ర్యాలీలు తీసి, మామూలు రోడ్ల మీదే సైకిల్ దారులు కావాలని అడుగుతున్నాయి. ఆ అడగడం సరైన దిశలో ఉంది. మరోవైపు ఊరి రోడ్ల తీరు సైకిల్‌కు నానాటికీ ఎదురు తిరుగుతోంది. ట్రాఫిక్ సాఫీగా పోవడానికి చాలా చౌరస్తాలు మూసి యూ-టర్న్‌లు పెట్టారు. కారుకు అది అర నిమిషం. బరువేసుకుని తొక్కేవాడికి అది అదనపు దూరం, పైగా కుడి అంచుకు, వేగంగా వచ్చే బండ్ల మధ్యలోకి వెళ్లాల్సిన మలుపు. అందుకే రాంగ్ రూట్లో, ఎదురుగా వస్తాడు. అతన్ని తప్పు పట్టే ముందు ఆ రోడ్డు అతనికి ఏ దారి మిగిల్చిందో చూడాలి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పదకొండు కిలోమీటర్ల పైవంతెన మీద సైకిల్‌కు ప్రవేశం లేదు, సరే. దాని కింది రోడ్డు మీదైనా సైకిల్‌కు దారి ఉండాలి కదా.

అన్నింటికన్నా ప్రాణాంతకం ఫ్రీ లెఫ్ట్. మనం ఎడమ పక్కన నడిపే దేశం. సైకిల్ ఎడమ అంచునే ఉంటుంది. నేరుగా వెళ్లాల్సిన సైకిలిస్టు సిగ్నల్ దగ్గరికి రాగానే అతని కుడి నుంచి వచ్చే ప్రతి బండీ ఆగకుండా అతన్ని కోసుకుంటూ ఎడమకు తిరుగుతుంది. ఆ మూలను గుండ్రంగా, విశాలంగా చెక్కి ఉంచుతారు కాబట్టి వేగం కూడా తగ్గదు. నడిచేవాళ్లకూ అదే గండం. ట్రాక్ వేసిన చోట కూడా సరిగ్గా ఇక్కడికొచ్చేసరికి రంగు ఆగిపోతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గద్దె అడ్డమొస్తుంది, ఫుట్‌పాత్ అడుగున్నర ఎత్తు లేస్తుంది. పదవ తరగతి చదివే పిల్ల అక్కడ దిగి, సైకిల్ ఎత్తి ఫుట్‌పాత్ మీద పెట్టి, అవతల దింపి, నాలుగు వరుసల బండ్లు ఆగే దాకా నిలబడాలి. ఒక్క సైకిల్ కిలోమీటరు కూడా అడక్కుండా, బడుల చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్రీ లెఫ్ట్ మూయించి, మూల ఇరుకు చేయించి, వేగం గంటకు ముప్పైకి దించగలిగితే అది ఇరవై కిలోమీటర్ల ట్రాక్ కన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా గట్టి నమ్మకం. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో ప్రపంచ దేశాల మంత్రులు చేసిన ప్రకటనలోనూ, నడిచేవాళ్లు, తొక్కేవాళ్లు కార్లతో కలిసే చోట ముప్పయ్యే హద్దని ఉంది.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చాక హైస్కూల్ చేరికలు 32 శాతం పెరిగాయని, ఆడ మగ మధ్య అంతరం 40 శాతం తగ్గిందని కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ పరిశోధన చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో 2017లో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు పంచారు. సైకిల్ ఇవ్వడం వరకు ప్రభుత్వాలకు చేతనైంది. ఆ సైకిల్ హైవే దాటి బడికి చేరే దారి ఎవరి పద్దులోనూ లేదు. రోడ్డు ఆర్ అండ్ బీది, వీధి మున్సిపాలిటీది, సిగ్నల్ పోలీసులది, పిల్ల విద్యాశాఖది. ఈ నలుగుర్నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే శక్తి తల్లిదండ్రుల కమిటీకి తప్ప ఇంకెవరికీ లేదు. డచ్ ఉద్యమం మొదలైందీ బడి గుమ్మం ముందే.

క్లబ్బుల వాళ్లకు ఒక మనవి. ట్రాక్ మీద పళ్ల బండి పెట్టారని, మోటార్ సైకిళ్లు వస్తున్నాయని ఫిర్యాదులు చేయడం సులువు. పళ్ల బండివాడు ట్రాక్ మీదికి వచ్చింది చాలాచోట్ల ఫుట్‌పాత్ లేకనే. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, వాళ్లతో కలిసి గీతలు గీయించుకోవచ్చు. ఆ బండివాళ్లలో చాలామంది తెల్లవారుజామున సరుకుకు సైకిల్ మీదే వెళ్తారు. మోటార్ సైకిళ్లను ఆపడానికి ఇరుకుగా గుంజలు పాతితే మూడు చక్రాల తొక్కుడు బండీ, దివ్యాంగుల బండీ కూడా ఆగిపోతాయి. ఖరీదైన గేర్ల సైకిల్‌కు, పాత హెర్క్యులస్‌కు మధ్య ఉన్న దూరం ఉద్యమంలో తగ్గకపోతే ఢిల్లీ కారిడార్‌లాగే ఎంత మంచి పనైనా దిక్కులేనిదవుతుంది.

చివరగా లెక్కల సంగతి. పారిస్‌లో 2015లో నగరం ఐదేళ్ల సైకిల్ ప్రణాళిక ప్రకటించింది. అదే ఏడు పుట్టిన 'పారీ అన్ సెల్' అనే సంఘం ఆ ప్రణాళికలో ఏ ముక్క కట్టారో, ఏది కట్టలేదో పటం మీద గుర్తుపెట్టి అందరికీ కనబడేలా పెట్టింది. పని ఎంత తక్కువ జరిగిందో బయటపడేసరికి నగరపాలక సంస్థ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది, వేగం పెరిగింది. మన నగరాల్లో సైకిళ్లను క్రమం తప్పకుండా లెక్కించే వ్యవస్థే లేదు. కార్లను లెక్కించి ఫ్లైఓవర్ కడతారు, లెక్కలోకి రానివాడికి ఏమీ కట్టరు. ఈ పనికి టెండరు అక్కర్లేదు. ఒక కాలనీ సంఘం, ఒక కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ బృందం కలిసి, బడి దగ్గరి చౌరస్తా నాలుగు మూలల్లో పొద్దున ఏడు నుంచి పది దాకా, సాయంత్రం మూడు నుంచి ఆరు దాకా కాగితం పట్టుకుని కూర్చుంటే చాలు. ఆడవాళ్లెంతమంది, బడి యూనిఫాంలో ఎంతమంది, బరువుతో ఎంతమంది, ఎదురు దారిలో వచ్చేవాళ్లెంతమంది అని గళ్లు గీసుకోవాలి. వాటితో పాటు, తొక్కుకుంటూ వచ్చి చౌరస్తా దగ్గర దిగి, సైకిల్‌ను తోసుకుంటూ దాటినవాళ్లకు వేరే గడి తప్పనిసరిగా ఉంచాలి. కార్పొరేటర్ ముందు, ట్రాఫిక్ డీసీపీ ముందు మొదట పెట్టాల్సిన అంకె అదే.